మా యన్నగారి రుచులు

(మహాసభ రెండవనాటి యుదయమున చదివిన యుపన్యాసము)



మన కులమునందలి మహాపురుషులను గూర్చి యీ సభలో మాటలాడవలసినదని ఆహ్వానసంఘమువారు రెండు నెలల క్రిందట మాకు వ్రాసిరి. సమ్మతించితిమి. కాగితమును కలమును ముందిడుకొని కూర్చుంటిమి. మూడుమారులు వ్రాయ మొదలిడి మూడుమారులు చింపివైచితిమి. అట్టి మహనీయులను గూర్చి యింతకుముందటి సభలలో మాకంటె పెద్దలు మాకంటె బాగుగా చెప్పియున్నారు. వారి పటములు పూలమాలలతో ఈ వేదికమీదనే యున్నవి. మేము వ్రాయబూనినప్పుడెల్ల, పటము గాని విగ్రహము గాని లేని యొక మనుష్యుడు మా కలమున కడ్డముగా వచ్చి నిలుచుచుండెను. ఆయన మా జ్యేష్ఠసోదరులు. మంగళగిరిలో ఏబదియైదేండ్లు గుంటమగ్గమున కూర్చుండి చీరలు నేసినవారు. ఏ సంఘమునకును అధ్యక్షులు కారు. ఏ సత్రమును కట్టించినవారు కారు. ఇట్టి సభలకు వచ్చినప్పుడు సైతము కడపటి వరుసలో, భోజనశాల ద్వారమునకు దగ్గరగా చోటు చూచుకొని కూర్చుండెడివారు. ఆయన చేసిన ఘనకార్యమేమని మీరడిగినచో, దొరకినదానిని రుచి చూచుచు బ్రదికిరనుటకంటె వేరు చెప్పజాలము. ఆహ్వానసంఘమువారు మన్నింతురు గాక. నేడు మేము ఆయనను గూర్చియే మాటలాడుదుము.

మంగళగిరి నెరుగనివారు మీలో నుండరు. విజయవాడకును గుంటూరునకును నడుమ, కొండమీద పానకాలస్వామి, కొండక్రింద లక్ష్మీనృసింహస్వామి, ఆ స్వామి వాకిట రాజా వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు రెండువందల యేండ్ల క్రిందట నెత్తించిన పదునొకండంతస్తుల గాలిగోపురము. ఆ గోపురమునకు పిలుపుదూరములో నొక సందులో మా యిల్లు. ఇంటిలో రెండు మగ్గములు. అన్నగారు పండ్రెండవయేటనే చిన్నమగ్గము నెక్కిరి. 1968లో మా తండ్రిగారు కాలధర్మము నొందునప్పటికి అన్నగారికి ఇరువదియొక్క యేండ్లు, మాకు తొమ్మిది. మా యిరువురి నడుమ ఇద్దరు అక్కలు. కర్మాంతరము ముగిసిన మరునాడు అన్నగారు తండ్రిగారి గుంటలోనికి దిగిరి. అక్కల వివాహములు, తల్లిగారి మందులు, మా చదువు, అన్నియు ఆ గుంటలోనుండియే పైకి వచ్చినవి.

నేతపని యెట్టిదో ఈ సభలోని పెద్దలకు చెప్పనక్కరలేదు. కాని, ఇక్కడ కూర్చున్న యువకులలో పెక్కుమంది మగ్గమును చిత్రపటములలో తప్ప చూచియుండరు. వారికొరకు రెండు మాటలు. చిలపల నూలు తెచ్చి, నానబెట్టి, ఆరవేసి, రాట్నమున చుట్టి, పడుగు పోసి, తెల్లవారుజామున వీధి పొడవున సాచి, గంజి పెట్టి, ఇరుగుపొరుగువారు నలుగురైదుగురు కుంచెలు పట్టి దువ్వి సరిచేసినగాని పడుగు మగ్గమున కెక్కదు. ఎక్కినపిమ్మట ఒక్కొక్క పోగును పాతపోగుతో అతుకవలెను. అటుపై నేయువాని కాళ్లు గుంటలో చెక్కలను త్రొక్కుచుండును, చేతులు నాడెను నడుపుచుండును, కన్నులు పోగులమీద నుండును. తల్లిగారు గోడ కానుకొని కండెలు చుట్టుచుండెడివారు. మంగళగిరి చీరకు నడుమ పువ్వుగాని బుటాగాని యుండదు, అంతయు సాదా. అంచున మాత్రము జరీతో నిజాం అంచు. వానకాలము వచ్చినచో వీధిలో సరి సాగదు, గుంటలో నీరూరును, నూలు చెమ్మగిలి తెగును, పని నిలిచిపోవును. ఈ పనిచేసి బ్రదికిన మనుష్యునకు సుఖములెట్లుండునని సందేహింపవచ్చును. మేమును చిరకాలము సందేహించితిమి.

మా యన్నగారి సుఖములకు ఋతువులు గలవు. వేసవిలో తాటిముంజలు. మార్గశీరమునుండి తేగలు. తొలకరి చినుకు పడినంతనే మిరపకాయబజ్జీలు. అదియు ఇంటిలో చేసినవి కావు, వీధిచివర బండివద్ద నిలుచుండి, నూనెలోనుండి తీసినవి తీసినట్లుగా, ఊదుకొనుచు తినవలెను. శీతకాలమున తెల్లవారి సరి ముగిసిన వెంటనే అల్లపుటీ, సరికి వచ్చినవారందరికిని. ఏ ఋతువునందైనను ఉదయమున చద్దియన్నములో మజ్జిగ, ఉల్లిపాయ, ఆవకాయముక్క. గోంగూరపచ్చడి నూరిననాడు ఆయన మగ్గము దిగి వచ్చుట చూచిన, అదియొక యుత్సవవిగ్రహము పల్లకి దిగినట్లుండెడిది. నేసిన చీరలను సంఘమునకు అప్పగించి కూలి తెచ్చుకొనునాడు చేతిలో రెండు పొట్లములుండవలసినదే. పెద్దపొట్లములో పకోడీలు పిల్లలకు, అరటాకు పొట్లములో మల్లెపూలు వదినగారికి. ఆ పూలపొట్లమును ఆయన వదినగారి చేతికీయరు. కండెల బుట్టలో పెట్టి ఏమియు నెరుగనట్లు కూర్చుందురు. వదినగారును ఏమియు నెరుగనట్లు కండెకొరకు చేయిపెట్టుదురు. ముప్పదియేండ్లు ఈ నాటకము సాగినది.

తల్లిగారు దుబారా యని గొణుగుచుండిరి. అందులకు అన్నగారి సమాధాన మొక్కటే. "చీర నడుమంతా సాదాయే గదమ్మా! అంచున కాస్త సరదా ఉండొద్దూ?" ఆయన మాటలను ఆయన నోట వచ్చినట్లే చెప్పుచున్నాము. వానిని గ్రాంథికమునకు దిద్దినచో ఆయన మాటలు కాకపోవును. మా పూర్వశిష్యులెవరైన ఈ సభలో నున్నయెడల, ఇందులకు మాకు మార్కులు తగ్గింపకుందురు గాక.

ఆయనకు గల యింకొక సుఖము మాయాబజారు. ఆ చలనచిత్రము 1957లో వచ్చినప్పుడు ఆయన పదేండ్ల బాలుడు. తండ్రిగారి భుజముల మీద కూర్చుండి చూచిరట. పిమ్మట అది తిరిగి వచ్చినప్పుడెల్ల చూచుచుండిరి. ఎన్నిమారులో ఆయనకే తెలియదు. రంగారావుగారు ఘటోత్కచుడై పెండ్లివారి విందు నంతయు ఒక్కడే ఆరగించు ఘట్టమున మాధవపెద్ది సత్యముగారి గొంతు వినవచ్చును గదా, మా యింట ఆ పాటకు నాడె తాళము వేయుచుండెడిది. ఆ పాట పాడినప్పుడు నేత త్వరగా సాగునని ఆయన సిద్ధాంతము. కడుపు నిండని దినములలో ఆయన ఆ పాటనే యెక్కువగా పాడుచుండిరని మేము చాలకాలమునకుగాని గుర్తింపలేదు. 2010లో ఆ చిత్రమునకు రంగులు వేసి మరల విడుదల చేసినప్పుడు మనుమలను వెంటబెట్టుకొని పోయిరి. తిరిగి వచ్చి యొక గంట మౌనముగా నుండి, "లడ్లకు బాగానే వేశారు గాని, ఆ పిల్ల కట్టిన చీరకు వేసిన రంగు తప్పురా. నాకు చిన్నప్పటినుంచీ తెలుసు దాని రంగు," అనిరి. నలుపుతెలుపుల చిత్రములో రంగు మీకెట్లు తెలిసినదని మేమడిగితిమి. నేసేవాడికి తెలియదా యని మమ్మే జాలితో చూచిరి.

ఇక మా సంగతి. పదవతరగతి యైనపిమ్మట సంస్కృతాంధ్రములు చదువవలెనని మాకు కోరిక కలిగినది. నేతవారి పిల్లవానికి సంస్కృతమెందులకని పలువురనిరి. అందులో మన కులమువారును గలరు, పేర్లు చెప్పము. అన్నగారికి సంస్కృతమన నేమో తెలియదు. "వాడికి దానిమీద ఆకలేస్తోంది. వేసినప్పుడే పెట్టాలి," అని మాత్రమనిరి. పొరుగుపట్టణములోని ప్రాచ్యకళాశాలలో చేర్పించిరి. మొదటి యేడాది సెలవులకు వచ్చునప్పటికి మాకొరకు బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరము కొని యుంచిరి. ఆ గ్రంథమును ఒడిలో పెట్టుకొని, కూడబలుకుకొనుచు, పడుగు అను మాటను, పేక అను మాటను వెదకి పట్టుకొని, "మన మాటలూ వేశారురా ఇందులో!" అని వీధిలోనివారికెల్ల చూపించి వచ్చిరి. నేతవానిని సంస్కృతమున నేమందురని మమ్మడిగిరి. అమరసింహుడు తంతువాయుడనియు కువిందుడనియు రెండు పేర్లు చెప్పియున్నాడంటిమి. రెండవ పేరు ఆయనకు మిక్కిలి నచ్చినది. "కువిందుడా! అయితే గోవిందుడికి ఒక్క అక్షరం ఇవతలే ఉన్నానన్నమాట!" ఆ దినమంతయు నవ్వుచునే యుండిరి. నాటినుండి వదినగారు కేకవేసినచో "కువిందుడు వస్తున్నాడు" అని బదులు పలుకుచుండిరి.

చదువు వచ్చినకొలది మాకు గర్వము వచ్చినది. దీనిని దాచిపెట్టి మాటలాడుట తగదు. మా కిరువదియవ యేట, ఎండకాలమున, అన్నగారు ఇరువది కిలోమీటర్లు సైకిలు త్రొక్కుకొని మా వసతిగృహమునకు వచ్చిరి. తడిగుడ్డలో మూటగట్టి ముంజలు తెచ్చిరి. చెమటతో చొక్కా వీపున కంటుకొనియుండెను. తోడివిద్యార్థులు చుట్టును చేరియుండిరి. మాకు సిగ్గు కలిగినది. అప్పుడు మేము భర్తృహరి వైరాగ్యశతకము పఠించుచుంటిమి. జిహ్వాచాపల్యమును గూర్చి, భోగముల యనిత్యతను గూర్చి అన్నగారికి ఒక చిన్న యుపన్యాసమిచ్చితిమి. ఆయన నేలపై కూర్చుండి, బొటనవ్రేలితో ముంజ నొకదానిని తీయుచు, శ్రద్ధగా వినిరి. విని, "అంత మంచి విషయాలు చెప్పాడు గదా, ఆ భర్తృహరిగారు ముంజలు తిని చెప్పాడా, తినకుండా చెప్పాడా?" అని యడిగిరి. విద్యార్థులు ఘొల్లున నవ్విరి. క్షణములో మూట విప్పబడినది. మాకు తప్ప అందరికి ముంజలు దొరకినవి.

నవ్వుటకు తగిన ప్రశ్నయని నాడనుకొంటిమి. నేడట్లు తోచదు. శృంగారశతకమును గూడ వ్రాసిన కవి ఆయన. తినియే చెప్పెను. తినకుండ చెప్పినవారము మేము.

మేము ముప్పదియారేండ్లు పాఠశాలలో తెలుగు చెప్పితిమి. నవరసములను, వాని స్థాయీభావములను నల్లబల్లపై వ్రాసి బాలురచేత వల్లె వేయించితిమి. తైత్తిరీయోపనిషత్తును గురుముఖమున నేర్చితిమి. పరతత్త్వమును రసమని చెప్పినది ఆ యుపనిషత్తే. అన్నమును నిందింపకుండుటయే వ్రతమని విధించినది అందలి భృగువల్లియే. స్వరము తప్పకుండ దానిని చెప్పగలము. కాని, సెలవులకు ఇంటికి వచ్చి, అన్నగారి ముందున్న పకోడీల పొట్లమును చూచి మొగము చిట్లించిన మేము ఆ వ్రతమునకు ఎంత దూరమున నుంటిమో అప్పుడు మాకు తోచలేదు. ఆ వల్లి యొక్క పేరైన నెరుగని మనుష్యుడు మా కన్నులయెదుట దానిని దినదినము నడపుచుండెను. ఉప్పు తక్కువైన కూరను గూడ ఆయన నిందించుట మేము వినలేదు. ఇవాళ దీనికి మజ్జిగ బాగా కుదురుతుందని యనుచుండిరి.

అన్నగారి సుఖములు కలిమిలోని సుఖములని మీరనుకొనకుందురు గాక. 1991వ సంవత్సరమును ఈ సభలోని నేతకుటుంబములవారు మరచియుండరు. నూలు ధర మిన్నంటెను. మగ్గములు నిలిచిపోయెను. కోస్తాజిల్లాల నేతగాండ్ర యాకలిచావుల వార్తలు పత్రికలలో ప్రతిదినమును వచ్చుచుండెను. మా సందులో నాడె చప్పుడు వినబడని పగళ్లు అవియే మొదట. మేమప్పటికి ఉపాధ్యాయులము, జీతగాండ్రము. ఒక శనివారమునాడు బియ్యపుబస్తా బస్సుమీద వేయించుకొని మంగళగిరికి వచ్చితిమి. బియ్యముతోబాటు హితోపదేశమును గూడ మూటగట్టుకొని వచ్చితిమనుట సత్యము. పొదుపు, దూరదృష్టి, పకోడీలు, చలనచిత్రములు అను నంశములు క్రమముగా మనస్సులో అమర్చుకొని యుంటిమి.

అన్నగారు బస్తాను చూచిరి. మమ్మును చూచిరి. అప్పుకు తెచ్చినట్లుగాని దానము పుచ్చుకొన్నట్లుగాని ఆయన మొగమున నేమియు కనబడలేదు. "కొత్తబియ్యమా, పాతబియ్యమా?" అని యడిగి, గుప్పెడు తీసి వాసన చూచి, పాతవేయని సంతోషించిరి. ఆనాడు పున్నమియో, పున్నమికి ముందునాడో. రాత్రి దీపము లార్పించి అందరిని పెరటిలోనికి రమ్మనిరి. ఒక పెద్దపళ్లెములో అన్నము. అందులో చింతపండు పులుసు, పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ. అంతకుమించి ఇంటిలో నేమియు లేదు. ఆయన నడుమ కూర్చుండి కలిపి, చుట్టును కూర్చున్న యేడుగురు పిల్లల చేతులలో ముద్దలు పెట్టుచు పోయిరి. ఆ యేడుగురిలో ముగ్గురు పొరుగింటివారి పిల్లలు. వారి యింట పొయ్యి రాజి రెండు దినములైనది. మా వంతు వచ్చినప్పుడు మేము దోసిలి పట్టితిమి. మాకప్పుడు ముప్పదిరెండేండ్లు. ముద్ద పెట్టుచు, "ఎలా ఉందిరా పంతులూ?" అని యడిగిరి. బాగున్నదంటిమి. ఎనిమిది ముద్దలు తింటిమి. ఉపదేశము మూట మూటగానే తిరిగి మా యూరు చేరినది.

ఆ భోజనమును గూర్చి మేము పలుమార్లు ఆలోచించితిమి. అందులో నెంత యన్నము, ఎంత వెన్నెల యని విడదీయ యత్నించితిమి. పంతులుద్యోగము చేసినవానికి విడదీయుట యలవాటు. విడిపోలేదు.

తరువాతి కాలమును సంక్షేపింతును. అన్నగారి కుమారులిద్దరును మగ్గమెక్కలేదు, ఆయనయు ఎక్కుమనలేదు. 2014 తరువాత మా ప్రాంతమున రాజధాని వచ్చునను మాట పుట్టినది మొదలు నేల ధరలు మారిపోయినవి. సందులోని మగ్గపుటిండ్లు అంగళ్లైనవి. కన్నులకు పోగు ఆనకపోవుటచే అన్నగారు ఆ కాలముననే మగ్గము దిగిరి. గుంటను పూడ్చి బండలు పరచిననాడు ఆయన ఆ బండమీద చాపవేసుకొని పరుండి, ఇక్కడ చల్లగా బాగుందనిరి. మధుమేహము అప్పటికే ప్రవేశించినది. ఒక్కొక్క రుచియే ఆయనను విడిచి పోవ నారంభించినది. మామిడిపండు పోయెను. బజ్జీలు పోయెను. టీలో పంచదార పోయెను. ఆయన ఫిర్యాదు చేయలేదు గాని, పిల్లలు తినుచుండగా చూచి, ఎట్లున్నదో చెప్పుమని యడుగుచుండిరి. సరిగా చెప్పనిచో మరల తినిపించి చెప్పించుచుండిరి. మేము పదవీవిరమణానంతరము 2019లో మంగళగిరికే వచ్చి చేరితిమి. ఆయన పథ్యమునకు కావలివారమైతిమి.

మనవి చేయవలెనని మేము వచ్చిన విషయము ఇది.

ప్లవనామసంవత్సర ఫాల్గుణము, అనగా 2022 మార్చి. స్వామివారి బ్రహ్మోత్సవములు. చతుర్దశినాడు కల్యాణము, పూర్ణిమనాడు రథము. పానకాలస్వామి సంగతి మీకు తెలిసినదే. బెల్లము, మిరియాలు, ఏలకులు వేసిన పానకమును బిందెతో నొసంగినచో, అర్చకులు శంఖముతో స్వామివారి నోట పోయుదురు. గుటకవేసిన చప్పుడు వినబడును. సగము స్వామి స్వీకరించి, మిగిలిన సగమును భక్తునకు ప్రసాదముగా విడిచిపెట్టునని ప్రసిద్ధి. అంత బెల్లపునీరు ఒలికినచోట చీమగాని యీగగాని చేరదనుటయు ప్రసిద్ధియే. అన్నగారు బాల్యమునుండి ప్రతి ఫాల్గుణమునను మెట్లెక్కి పానకము సమర్పించుచుండిరి. సగం తాగి సగం ఇచ్చే దేవుడు ఇంకెక్కడున్నాడురా, రుచి తెలిసినవాడు గనుకనే మిగిల్చాడని యనుచుండిరి. ఆ యేడు కాళ్లు రాలేదు. ఆయనకు మారుగా మేము పోతిమి.

బిందెతో తిరిగి వచ్చునప్పటికి ఆయన అరుగుమీద కూర్చుండియున్నారు. చూపు చాలవరకు తగ్గినది. మూత తీసిన చప్పుడు విని మా వైపు తిరిగిరి.

"ఎంత తాగాడ్రా స్వామి?"

"సగం, అన్నయ్యా."

"మరి మిగతాది నాకేగా!"

ఆ వారమే వైద్యుడు రక్తపరీక్ష చూచి గట్టిగా హెచ్చరించియుండెను. మేము ఉద్ధరిణెతో ఒక్క ఉద్ధరిణెడు పోసితిమి. ఆయన దానిని వెంటనే మ్రింగక నోటనే నిలుపుకొనిరి. పిమ్మట చేయి చాచి, "ఇంకొక్క గుక్క" అనిరి. మేము కూడదంటిమి. వైద్యుని మాట చెప్పితిమి. పథ్యమును గూర్చి చెప్పితిమి. ఇంకను ఏమేమో చెప్పితిమి. మా గొంతు మాకే పాఠశాలలోని గొంతువలె వినబడినది. ఆయన వాదింపలేదు. ఖాళీ ఉద్ధరిణెను ముక్కుకడకు తీసికొని, "ఈ యేడు మిరియం బాగా పడింది" అని మాత్రమని, దానిని మా చేతికిచ్చిరి. బిందెలోని పానకము మనుమలు త్రాగిరి. పక్షము దినములకు శుభకృత్తు ఉగాది వచ్చినది. పచ్చడి నాలుకకు రాచితిమి. ఉగాది వెళ్లిన పదిదినములలో ఆయన వెళ్లిపోయిరి.

ఈ సభలో వైద్యులు గలరు. మేము చేసినదే యుక్తమని వారందురు. మేమును అట్లే యందుము. రోగికి పథ్యము వలదని బోధించుటకు మేమీ వేదిక నెక్కలేదు. కాని, అన్నగారిది డెబ్బదియైదవ యేడు. ఆయన అడిగినది ఒక్క గుక్క. ఆ నిరాకరణములో వైద్యుని హెచ్చరిక యెంత, ఏబదియేండ్లుగా ఆయన చేతిలోని ప్రతి పొట్లమును చూచి మొగము చిట్లించిన మా యలవాటు ఎంత యని మేము నాటినుండి మమ్ము ప్రశ్నించుకొనుచున్నాము. ప్రేమచేతనే వలదంటిమని చెప్పుకొందుము. పగటివేళ ఆ సమాధానము చాలును.

కర్మకాండ ముగిసినపిమ్మట వదినగారు ఒకమాట చెప్పిరి. ఏ సందర్భమున చెప్పిరో జ్ఞాపకములేదు, బియ్యమేరుచు చెప్పిరి. మేము కళాశాలలో చేరిన తొలియేడు అన్నగారు ఒక్కనాడైన హోటలు మెట్టెక్కలేదట. ఒక్క చలనచిత్రమైన చూడలేదట. కూలి తెచ్చుకొనునాడు పొట్లములు మాత్రము మానలేదు. పకోడీలు పిల్లలకు, పూలు తనకు తెచ్చి, తాను తినివచ్చితినని చెప్పుచుండిరట. "ఆ యేడు ఆ లావుపాటి పుస్తకం కొన్నారు గదా, మరిదీ" అని వదినగారు వివరించిరి. ఆ పుస్తకమే శబ్దరత్నాకరము. అది నేటికిని మా బల్లమీద నున్నది. ఈ యుపన్యాసము వ్రాయునప్పుడు సైతము రెండు మూడు మాటలకు దానిని తిరుగవేసితిమి. అందలి కొన్ని పుటలకు నూనెమరకలున్నవి. చిరకాలము ఆ మరకలకు అన్నగారి పకోడీల చేతిని నిందించుచుంటిమి. ఆ యేడు ఆయన పకోడీ ముట్టనిచో, అవి పుస్తకము ముందు పెట్టుకొని ఫలహారము చేసిన మా చేతివే కావలయును.

సంచికలో వేయుటకు పటమొకటి పంపుమని ఆహ్వానసంఘమువారు కోరిరి. అన్నగారు పటము తీయించుకొన్నవారు కారు. 2016 కృష్ణాపుష్కరములలో సీతానగరపు రేవునందు స్నానము చేసివచ్చి, మెట్లమీద కూర్చుండి మొక్కజొన్నపొత్తు తినుచుండగా మనుమడు చరవాణితో తీసిన దొక్కటి కలదు. అదియే పంపితిమి. మొగము సగము పొత్తుచాటున నున్నది. ఇంతకంటె మంచిది లేదా యని కార్యదర్శిగారు ఫోనులో నడిగిరి. లేదంటిమి.

అధ్యక్షులవారు గడియారమువైపు చూచుచున్నారు. పులిహోర పోపు వాసన ఇంతకుముందే వేదికవరకు వచ్చినది. అన్నగారు ఈ సభలో నుండినచో, కడపటి వరుసనుండి ఈపాటికి లేచి, ఆకులు వేయుచున్నారని సైగ చేసియుండెడివారు.